ఐస్‌ఫ్రూట్‌లో ఫ్రూట్ ఏదీ?

పుల్ల ఐసుకి మన ఊళ్లలో ఇంకో పేరుంది, ఐస్‌ఫ్రూట్. సైకిల్ వెనక చెక్కపెట్టె కట్టుకుని, హారన్ కొట్టుకుంటూ మిట్టమధ్యాహ్నం వచ్చే బండిలో ఎర్రది, నారింజ రంగుది, పాలైసు, కొనకి సేమియా ఉన్న సేమియా ఐసు, అన్నీ ఐస్‌ఫ్రూట్లే. ఫ్రూట్ మాత్రం ఒక్కదాంట్లోనూ ఉండేది కాదు. నీళ్లు, తీపి, రంగు, కాస్త ఎసెన్సు, అంతే. మామిడికి పేరు పడ్డ మా రెడ్డిగూడెంలోనూ ఇదే కథ. బండి ఆగేది మామిడితోట కంచె పక్కనే. పెట్టెలో ఉన్న మ్యాంగో ఐసు రుచి మాత్రం సీసాలోంచి వచ్చిందే.

ఈ వారం ఆ పేరుకి కాస్త న్యాయం చేద్దాం. ఇంట్లోనే, నిజం పండుతో ఐస్‌ఫ్రూట్. ఏ మామిడితో చేయాలీ అని అడిగితే ఎక్కువమంది బంగినపల్లి అంటారు. నా ఓటు రసానికి. అందులోనూ చిన్న రసానికి. ఎందుకో చెప్తాను.

ముందు మా వైపు సంగతి కొంచెం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది, మా రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. అయినా ఇక్కడ కాసిన కాయ ఎక్కడ అమ్మినా నూజివీడు మామిడే. బంగినపల్లి, కలెక్టర్ కాయ అని మనం పిలిచే తోతాపురి, చిన్న రసాలు, పెద్ద రసాలు, అన్నీ ఉంటాయి. వీటిలో బంగినపల్లి దొరబిడ్డ. కోస్తే ముక్క నిలుస్తుంది, రోజుల తరబడి లారీలో కూర్చుని ఢిల్లీ దాకా వెళ్లగలదు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తోతాపురికి గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి. మరి రసానికి? మగ్గిందంటే మెత్తబడిపోతుంది. బుట్టలో పైకాయ బరువుకి కిందకాయ చితుకుతుంది. చేత్తో నలిపి, మూతి దగ్గర చిన్న చిల్లు పెట్టి, చీకి తినాల్సిన పండు అది. పుట్టిన చోటే తినాల్సిన పండు.

మా బాబాయ్ తోటలో బంగినపల్లి చెట్ల మధ్య నాలుగు చిన్న రసం చెట్లున్నాయి. తాతయ్య వేసినవి. తోట గుత్తకి తీసుకునే వ్యాపారి వాటిని లెక్కలోకే తీసుకోడు. రెండేళ్లుగా బాబాయ్ అదే మాట అంటున్నాడు. "కాయ లారీ ఎక్కదమ్మా. మనం తినేది ఎన్ని, రాలి కుళ్లిపోయేవి ఎన్ని? ఆ నాలుగూ తీసేస్తే ఇంకో నాలుగు బంగినపల్లి పడతాయి." ఆయన లెక్కలో తప్పేమీ లేదు. మందులు, కవర్లు, కూలీలు, అన్నీ చేతి డబ్బే. పూత మీద తామర పురుగు పడ్డ ఏడాది పెట్టుబడి కూడా తిరిగి రాదు. మా చుట్టుపక్కల మామిడి తీసేసి ఆయిల్ పామ్ వేసినవాళ్లూ ఉన్నారు. రసం చెట్టు ఉంచాలంటే దాని పండుకి మన ఇంట్లో ఒక పని చూపించాలి. చీకి తినగా మిగిలినవాటిని ఏం చేయాలో తెలియాలి.

ఇప్పుడు ఐసు సంగతి. బండి మీద కొన్న ఐసుని రెండుసార్లు గట్టిగా చీకితే ఏమయ్యేదో గుర్తుందా? రంగూ తీపీ అంతా నోట్లోకి వచ్చేసి, పుల్లకి తెల్లటి మంచుగడ్డ మిగిలేది. దానికి కారణం ఉంది. తీపి కలిసిన నీళ్లు ఒక్కసారిగా గడ్డ కట్టవు. ముందు నీళ్లు విడిగా పలుకులవుతాయి. తీపంతా మిగిలిన నీళ్లలోకి చేరి, అది చిక్కటి పాకమవుతుంది. పాకం చిక్కబడేకొద్దీ గడ్డ కట్టడానికి ఇంకా ఎక్కువ చల్లదనం కావాలి. అందుకే మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో కూడా కొంత పాకం పలుకుల మధ్య గడ్డ కట్టకుండానే ఉంటుంది. మనం చీకినప్పుడు నోట్లోకి వచ్చేది ఆ పాకం. దాన్ని పట్టి ఉంచేదేమీ లేకపోతే రెండు గుక్కల్లో అయిపోతుంది.

పండు చేసే పని ఇక్కడే. మామిడి గుజ్జులో ఉండే పెక్టిన్, సన్నటి పీచు ఆ పాకాన్ని వదలకుండా పట్టుకుంటాయి. పలుకుల్ని పెద్దవి కానివ్వవు. చివరి చుక్క దాకా రుచి ఒకేలా ఉంటుంది. బంగినపల్లికీ ఈ గుణం ఉంది కానీ దాని గుజ్జు మరీ చిక్కన. ఐసులా చీకడానికి వీలుగా రావాలంటే నీళ్లు పోయాలి, నీళ్లు పోస్తే వాసన పల్చబడుతుంది. పాలు కలిపి కుల్ఫీ చేసుకోవడానికి అది మేలు. రసం అలా కాదు. చెట్టు దగ్గరే ఐసుకి కావలసినంత పల్చగా తయారై వస్తుంది.

చేసే పద్ధతి ఇదీ. పండ్లను ఒక గంట నీళ్లలో వేసి ఉంచండి. తొడిమ దగ్గర కాస్త గిల్లి, మొదట వచ్చే సొన పిండి పారేయండి. గొంతు గీరేది అదే. పండుని రెండు చేతుల మధ్య మెల్లగా నలిపి గిన్నెలోకి రసం పిండండి. మిక్సీ జోలికి వెళ్లొద్దు. మిక్సీలో పీచు చిన్నచిన్న ముక్కలై రసంలో కలిసిపోతుంది, తర్వాత ఏ జల్లెడా దాన్ని పట్టలేదు. చేత్తో పిండితే పీచు టెంకకే ఉండిపోతుంది. ఆ రసాన్ని పెద్ద కన్నాల జల్లెడలో ఒకసారి వడగట్టండి. టీ వడకట్టేది వాడితే గుజ్జు కూడా పోతుంది.

రెండు గ్లాసుల రసానికి పావు గ్లాసు కాచిన నీళ్లు, రెండు పెద్ద చెంచాల పంచదార, అర నిమ్మచెక్క రసం, చిటికెడు ఉప్పు చాలు. నీళ్లలో పంచదార కరిగించి, చల్లారాక రసంలో కలపండి. రుచి చూస్తే తాగే రసం కన్నా ఒక పిసరు తీపి ఎక్కువ అనిపించాలి. చల్లదనానికి నాలుక తీపిని తక్కువగా పట్టుకుంటుంది కాబట్టి గడ్డ కట్టాక సరిపోతుంది. అలాగని పంచదార గుమ్మరిస్తే ఐసు గట్టిపడదు, పుల్ల జారిపోతుంది. అసలు తగ్గిస్తే రాయిలా తయారవుతుంది. పండు బాగా తియ్యగా ఉంటే ఒక్క చెంచాతో ఆపేయొచ్చు.

అచ్చులు కొనక్కర్లేదు. చిన్న స్టీలు గ్లాసులు ప్లాస్టిక్ అచ్చుల కన్నా నయం. స్టీలులోంచి వేడి తొందరగా బయటికి పోతుంది. ఎంత తొందరగా గడ్డ కడితే పలుకులు అంత చిన్నవిగా, ఐసు అంత మెత్తగా వస్తుంది. అంచు దాకా నింపకండి, నీళ్లు గడ్డ కట్టేటప్పుడు పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. గంటో గంటన్నరో పోయాక, సగం గట్టిపడినప్పుడు పుల్ల గుచ్చితే నిటారుగా నిలబడుతుంది. ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆగాలి. తీసేటప్పుడు గ్లాసుని పది సెకన్లు మామూలు నీళ్లలో ముంచితే చాలు, వేణ్నీళ్లు వద్దు.

ఫ్రీజర్ విషయంలో రెండు జాగ్రత్తలు. ఐసు పెట్టడానికి కొన్ని గంటల ముందే నాబ్ ఎక్కువలోకి తిప్పి, గ్లాసుల్ని నేరుగా ఫ్రీజర్ అడుగుకి తగిలేలా విడివిడిగా పెట్టండి. రెండోది కరెంటు. ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఐసు కాస్త కరిగి మళ్లీ గడ్డ కడుతుంది, ప్రతిసారీ పలుకులు పెద్దవవుతాయి. రెండు నీళ్ల సీసాలు గడ్డ కట్టించి ఫ్రీజర్లో ఒక పక్కన పడేయండి. కరెంటు లేని గంటా గంటన్నర అవి చల్లదనాన్ని కాపాడతాయి.

ఫ్రిజ్ లేనివాళ్లకీ దారుంది. కుల్ఫీ వాళ్లది పాత పద్ధతే. దంచిన ఐసు మూడు పాళ్లు, కల్లుప్పు ఒక పాలు బకెట్లో కలిపి, మూతపెట్టిన గ్లాసులు అందులో పాతేయడం. ఉప్పు పడ్డ మంచు సున్నా కన్నా బాగా కిందికి దిగుతుంది. అక్బరు కాలంలో సురేకారం కలిపిన నీళ్లతో తాగేనీళ్లు చల్లబరిచేవారని అబుల్ ఫజల్ అయినీ అక్బరీలో రాశాడు. మంచుగడ్డ కోసం మనం అమెరికా మీద ఆధారపడిన రోజులూ ఉన్నాయి. 1833లో బోస్టన్ నుంచి ఓడలో మంచుగడ్డలు కలకత్తాకి దిగాయి. మద్రాసు మెరీనా ఒడ్డున 1842లో కట్టిన ఐస్ హౌస్ ఆ వ్యాపారానిదే. ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. ఇక పుల్ల ఐసు మీద పేటెంట్ అమెరికాలో ఫ్రాంక్ ఎపర్సన్‌ది. 1905లో, పదకొండేళ్ల వయసులో, సోడాపొడి కలిపిన నీళ్లలో కలిపే పుల్ల ఉంచేసి రాత్రంతా బయట వదిలేశాడట. తెల్లారేసరికి గడ్డ కట్టింది. పేటెంట్ వచ్చింది 1924లో.

ఇప్పుడు అమ్మలందరూ అడిగే ప్రశ్న. పిల్లలకి ఇవ్వొచ్చా? చల్లదనం క్రిముల్ని చంపదు, నిద్రపుచ్చుతుందంతే. కరిగి కడుపులోకి వెళ్లాక మళ్లీ లేస్తాయి. కాబట్టి నీళ్లు కాచినవే వాడాలి, చేతులూ గ్లాసులూ శుభ్రంగా ఉండాలి. పండు కూడా కార్బైడ్‌తో మగ్గించింది కాకూడదు. దాన్ని చట్టం నిషేధించింది. ఇథిలీన్ వాయువుతో మగ్గించడానికే అనుమతి ఉంది. కార్బైడ్ కాయ పైకి పసుపు తిరిగినా లోపల పులుపు పోదు, వాసన రాదు. మా ఇళ్లలో వరిగడ్డి పరిచి మాగేస్తాం. గది తలుపు తీయగానే వాసన కొట్టిందంటే పండు సిద్ధమైనట్టు.

షుగర్ ఉన్నవాళ్లకి ఒక లెక్క చెప్పాలి. పైన చెప్పిన కొలతలకి ఆరు ఐసులు వస్తాయి. పండులోని తీపి, మనం వేసిన పంచదార కలిపితే ఒక్కో ఐసులో దాదాపు మూడు టీ చెంచాల చక్కెర ఉన్నట్టే. ఇంట్లో చేసింది కదా అని నాన్న చేతిలో రెండు పెట్టకండి.

మామిడి అయిపోయాక మిగతా పండ్లూ పనికొస్తాయి. పుచ్చకాయలో తీపి తక్కువ, నీళ్లు ఎక్కువ, కాబట్టి రాయిలా గడ్డ కడుతుంది. కాస్త పంచదార, నిమ్మరసం పడాల్సిందే. బాగా పండిన అరటిపండు ఒకటి ఏ రసంలో మెదిపి కలిపినా ఐసు మెత్తగా వస్తుంది. నేరేడుపండ్ల గుజ్జు రంగు చూస్తే పిల్లలు ఇంకే రంగూ అడగరు. ముంజలు ముక్కలు చేసి కొబ్బరినీళ్లలో వేసి గడ్డ కట్టించండి, వచ్చిన చుట్టాలు పేరు అడిగి మరీ వెళ్తారు.

ఆలోచిస్తే ఇదంతా మన పెద్దవాళ్లు తాండ్రతో చేసిన పనే. మామిడి రసాన్ని చాప మీద పొరలు పొరలుగా పోసి ఎండబెడితే నీళ్లన్నీ పోయి తాండ్రవుతుంది. నీళ్లు లేనిచోట క్రిమి పెరగదు. ఐసులో నీళ్లు ఉన్నా గడ్డ కట్టి ఉంటాయి, అక్కడా క్రిమికి అందవు. తాండ్ర పండుని ఎండతో దాచింది, మనం చలితో దాస్తున్నాం. అందుకే మొత్తం రసాన్ని ఒకేసారి ఐసులు చేయక్కర్లేదు. ఐసు ట్రేల్లో పోసి గడ్డ కట్టించి, ముక్కల్ని గాలి చొరని కవర్లో వేసి ఉంచుకుంటే శ్రావణమాసంలో కూడా కరిగించి వాడుకోవచ్చు. కవరు సరిగ్గా మూయకపోతే ఫ్రీజర్లో చేపల వాసన కూడా పట్టేస్తుంది, జాగ్రత్త.

పోయిన ఏడాది మా పిన్ని అలా నాలుగు చెట్ల రసం వీలైనంత దాచింది. ఆగస్టులో ఊరెళ్తే వీధి పిల్లలందరి చేతుల్లో పసుపు రంగు ఐసులున్నాయి. బాబాయ్ ఏమీ అనలేదు కానీ ఈ ఏడాది చెట్లు అక్కడే ఉన్నాయి. వచ్చే ఏడాది సంగతి నేను చెప్పలేను. ఐసులు అమ్మితే లెక్క మారుతుందా అని పిన్ని అడుగుతోంది. అమ్మాలంటే ఇంటి నుంచైనా సరే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, పెద్ద ఫ్రీజర్ కావాలి, కరెంటు నిలవాలి. ఆ లెక్క ఇంకా వేస్తున్నాం.

ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. రసం పండు బాగుంది కదా అని టెంక పాతితే అదే పండు రాదు. మన మామిడి రకాల్లో టెంక నుంచి మొలిచిన చెట్టు తల్లిలా ఉండదు, అంటు కట్టాల్సిందే. అంటే మంచి రసం చెట్టు ఒకటి కొట్టేస్తే, దాని కొమ్మ ఎవరూ అంటుకి తీసుకోకపోతే, ఆ రుచి అక్కడితో సరి. మీ ఊళ్లోనో, అమ్మమ్మగారి ఊళ్లోనో అలాంటి చెట్టు ఉంటే ఈ ఎండాకాలం దాని కింద రాలినవి ఏరుకురండి. తొలకరి జల్లు పడ్డాక పండులో పురుగు చేరుతుంది, కాబట్టి ఈలోపే చేసేయండి.