లేసు అల్లే చేతులకూ చోటివ్వండి

కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ మంత్రిగారికి,

2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 చేతివృత్తుల వారికి శిక్షణ, పనిముట్లకు రూ.15,000 వరకు, 5 శాతం వడ్డీకి రూ.3 లక్షల దాకా రుణం ఇస్తోంది. దర్జీలు, పూలదండలు కట్టేవారు, చేపల వలలు అల్లేవారు ఆ జాబితాలో ఉన్నారు. ఇది మంచి పని. కానీ లేసు అల్లేవారు అందులో లేరు.

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు ఇంటి పని చూసుకుంటూనే, ఏజెంటు ఇచ్చిన దారంతో, ఏజెంటు చెప్పిన కూలికే లేసు అల్లుతారు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. సరుకుకు వచ్చిన గౌరవం అల్లినవారి సంపాదనలోనూ కనిపించాలి.

లేసు అల్లికను విశ్వకర్మ జాబితాలో చేర్చండి. ఇంటి దగ్గర అల్లే పనికి కనీస కూలి ఖరారయ్యేలా రాష్ట్ర ప్రభుత్వంతో మాట్లాడండి.

ఇట్లు,
పశ్చిమ గోదావరి జిల్లా పౌరురాలు