జ్ఞాపకముల పొత్తము: అతుకుట యొక విద్య



వస్త్రముపై కుట్టుపని నేర్చిన స్త్రీకి కాగితముపై అతుకుపని కొత్తది కాదు. రంగుకాగితము, పట్టు పీలిక, ఎండిన పువ్వు, జరీపోగు, ఛాయాచిత్రము, పెద్దల చేతివ్రాత మొదలైన పలుజాతుల వస్తువులను ఒక్కచోట కూర్చి శుభాకాంక్షల కార్డులును, జ్ఞాపకముల ఆల్బములును, దినచర్య పుస్తకములకు అట్టలును సిద్ధపరచుట నేడు మన బాలికలకు మిక్కిలి ప్రీతియైన వ్యాపకమైనది. అట్టి వస్తువులను అందముగ అమర్చు విధము చూపువారు పెక్కుమంది కలరు. అమర్చినది ముప్పదియేండ్లు చెడక నిలుచు విధము చెప్పువారు మాత్రము అరుదు. ఈ మాసమున మేము ముచ్చటింప దలచినది ఆ సంగతియే.

చేతితో చేసి పంపు పత్రికకు మన కావ్యములలోనే గొప్ప ఉదాహరణములు కలవు. కాళిదాసుని శకుంతల తామరాకుపై గోటితో లేఖ వ్రాసినది. విక్రమోర్వశీయమున ఊర్వశి భూర్జపత్రముపై వ్రాసి పంపినది. ఆ పత్రము విదూషకుని చేజారి, గాలికి కొట్టుకొనిపోయి, తుదకు రాణిచేతనే పడినది. వ్రాసినదానిని పదిలపరుపకున్న నేమగునో కవి యట్లు చూపెను. నేటి మన యిండ్లలో దీనికి విపర్యయమైన ఆపద యొకటి కలదు. ఎగిరిపోవునను భయముచే మనము వస్తువును ఎంత గట్టిగ అంటింతుమనగా, పిమ్మట నది మనకే దక్కకుండ పోవును.

గడచిన వేసవిలో మా వీథిలోని యొక పెద్దావిడ, కుమార్తె పెండ్లికి క్రొత్త ఆల్బము కూర్పవలెనని, తమ పాత ఆల్బమును మా యింటికి తెచ్చిరి. పుటలపై చారలు చారలుగ జిగురు పూసి, పైన పలుచని ప్లాస్టిక్కు పొరను కప్పిన ఆల్బమది. అట్టివి 1970, 1980 దశకములలో విరివిగ అమ్ముడుపోయినవి. అందులో ఆమె తల్లిగారి ఛాయాచిత్రము కలదు. వారికి మిగిలిన దదియొక్కటే. ఆవిడ మూలపట్టి లేవనెత్తబోగా కాగితము చిట్లు చప్పుడు వినవచ్చెను. "పిన్నిగారూ, లాగకుడు" అని మేము వారించితిమి. పిమ్మట సన్నని పట్టుదారమును చిత్రము వెనుకకు దూర్చి, రెండు కొనలు పట్టి, రంపము లాగినట్లు మెల్లమెల్లగ ఇటునటు కదల్చితిమి. ఒక పూట పట్టినది గాని చిత్రము దక్కినది.

దానితోపాటున్న ఉత్తరమునకు మాత్రము ఉపాయము దొరకలేదు. మడతలు చిరిగినప్పుడు దాని కెవరో పారదర్శకపు టేపు అంటించియుండిరి. టేపు పొర యెండి ఊడిపోయినది. దాని బంక మాత్రము కాగితములోనికి దిగి గోధుమవర్ణపు మరకయైనది. క్రింది సిరా అలుకుకొనిపోయినది. తొలిపంక్తిలో తల్లి పేరుపెట్టి పిలిచిన చోటనే ఆ టేపు పడినది. "అమ్మాయీ, తక్కినదంతయు చదువగలుగుచున్నాను, ఆ పిలుపొక్కటియే పోయినది" అని ఆవిడ కన్నులు తుడుచుకొనిరి.

కావున ఈ పనిలో రెండు నియమములు పాటింపవలెనని మా యభిప్రాయము. అతికించిన ప్రతివస్తువును చెడకుండ మరల ఊడదీయ వీలుండవలెను. ఒక వస్తువు తన ప్రక్కనున్న దానిని చెరుపకుండవలెను. పసుపు వేరుగ నున్నంతసేపు పసుపే. సున్నము తగులగనే పారాణి యగును. వస్తువులు కలిసినప్పుడు గుణము మారుననుట మనము వంటింటనే నేర్చిన పాఠము. ఆల్బములోను అంతియే.

మొదట జిగురు సంగతి. అతికించు శ్రమ తప్పవలెనను కోరిక నేటిది కాదు. అమెరికా దేశపు రచయిత మార్క్ ట్వైను 1873లో, ముందే జిగురు పూసిన పుటలుగల స్క్రాపుపుస్తకమునకు పేటెంటు పొందెను. తడిపినంతనే అంటుకొనునట్లు ఏర్పాటు. కాని పదిలపరుపదగిన కాగితమునకు నేటికిని గోధుమ గంజిబంకయే శ్రేష్ఠము. గ్రంథాలయములలో పాత ప్రతులను బాగుచేయువారును గోధుమ గంజిబంకనే వాడుదురు. తడి తగిలించిన నది తిరిగి మెత్తబడును, కాగితమునకు హాని కలుగదు.

దానిని చేయు విధమిది. హల్వాకు తీయునట్లే గోధుమలను నానవేసి, రుబ్బి, పాలు వడగట్టవలెను. ఆ పాలను రాత్రియంతయు కదల్పక యుంచి, తేరిన నీటిని ఒంపివేసిన, అడుగున తెల్లని ముద్ద నిలుచును. ఆ ముద్ద ఒక వంతునకు నీరు నాలుగు వంతులు కలిపి, సన్నని సెగపై అడుగంటకుండ ఇరువది నిమిషములు కలియబెట్టవలెను. తెలుపు విరిగి, అద్దమువలె నిగనిగలాడునప్పుడు దించి, చల్లార్చి, పలుచని బట్టలో వడగట్టవలెను. వాడునప్పుడు నీరు చిలుకరించి మీగడవలె చేసికొనవలెను. మూడునాళ్లకు మించి నిలువయుంచరాదు.

పురుగు పట్టకుండ మైలుతుత్తము కలుపుట పాత అలవాటు. అది విషము. అందులోని రాగి కాగితమును క్రమముగ తినివేయును గూడ. రామబాణపు పురుగును తోలుటకు ఆల్బమును పొడిచోట నుంచి, యేటికి రెండుమారులు పుటలు విప్పి నీడలో గాలికి ఆరనిచ్చుటయే మేలు. కలరా ఉండలను పుటల నడుమ పెట్టరాదు.

ఇక కాగితము. వార్తాపత్రిక ఎండలో రెండునాళ్లుంచిన పసుపుబారుట మీరెరుగుదురు. కొయ్యగుజ్జులోని లిగ్నిను అను పదార్థము దీనికి కారణము. అట్టి కాగితమున పుట్టు ఆమ్లము దానినేగాక, తన్నంటియున్న మంచి కాగితమును గూడ పెళుసుబార్చును. కావున పత్రికలో వచ్చిన బిడ్డ పేరునో బొమ్మనో దాచదలచిన, మంచి కాగితముపై నకలు తీయించి దానిని అంటింపవలెను. అసలును వేరొక కవరులో భద్రపరుపవలెను. పుటలకు నూలుగుడ్డ పీలికలతో చేసిన చేతికాగితము యుక్తమైనది. జైపురము చెంత సాంగానేరులో చేయు కాగితమట్టిది.

అలంకారములలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క స్వభావము. శుభలేఖ నాలుగు మూలల పసుపు మంగళకరమైనదే గాని, ఎదుటి పుటలోని ఛాయాచిత్రమున కంటును. నడుమ పలుచని తెల్లకాగితము నొకదానిని తప్పక వేయవలెను. పసుపురంగు వెలుతురున వెలిసిపోవును గాన, ఆ పుటను గోడకు తగిలింపరాదు. చౌక జరీలోని రాగి నల్లబడి, తడి తగిలిన పచ్చని చిలుము పట్టును. దానిని చిత్రములకు దూరముగ కుట్టవలెను, జిగురుతో అంటింపరాదు. కలంకారీ బట్టలోని నలుపు, ఇనుపతుక్కును బెల్లపు నీట నానవేసి తీసిన కషాయము, కరక్కాయ ఊటతో కలిసి పుట్టినది. చాలకాలమునకు ఆ నలుపు గీతలవెంబడియే బట్ట చివుకుట కలదు. ఆ బట్ట అట్టకు బాగుండును గాని, ఉత్తరమునకు ఆనించి పెట్టరాదు. పువ్వులను అద్దుడుకాగితముల నడుమ నుంచి, మొదటి వారము దినదినము కాగితము మార్చుచు, రెండు మూడు వారములు బరువు క్రింద నుంచవలెను. మా యింట శబ్దరత్నాకరము ఈ పనికిని వచ్చుచున్నది. మా యింటివారు బడినుండి వచ్చి నిఘంటువు వెదకినపుడెల్ల ఒక మందారము బయటపడును. తేమ మిగిలిన పువ్వు బూజును తెచ్చును గాన తొందరపడరాదు. గుండుసూదులు తుప్పుపట్టును, రబ్బరుపట్టీలు చిత్రమును నల్లపరచును. ఆ రెండును ఆల్బమునకు పనికిరావు.

ఛాయాచిత్రమునకు వెనుక జిగురు పూయకుడు. అంగుళము వెడల్పు మంచి కాగితపు పట్టీని త్రికోణముగ మడిచి, చిన్న సంచివలె చేసి, నాలుగు మూలలకు తొడిగి, ఆ సంచిని మాత్రమే పుట కంటింపుడు. చిత్రము నిలుచును, కావలసినప్పుడు జారి వెలుపలికి వచ్చును. ఉత్తరములకు పుటపై కాగితపు జేబు అమర్చిన, రెండుప్రక్కలు చదువవచ్చును. పైకప్పు ప్లాస్టిక్కు కావలసిన పాలియెస్టరు గాని పాలిప్రొపిలీను గాని యడుగవలెను. పి.వి.సి. అను రకము కాలక్రమమున ఆమ్లమును వెలువరించును. గర్భమునందలి శిశువు చిత్రములను నేడు ఆసుపత్రులలో తరచుగ వేడికి నల్లబడు కాగితముపై అచ్చువేసి యిత్తురు. అవి కొన్ని యేండ్లకే వెలిసిపోవును. బిడ్డ పెరుగకమునుపే వానికి నకలు తీయించుడు.

అట్టకు పాత పట్టుచీర అంచు వాడదలచిన, జిగురు నేరుగ బట్టకు పూయరాదు. నేతసందులగుండ బంక పైకి వచ్చి మరకయగును. పలుచని కాగితమునకు బంక పూసి, దానిపై బట్టను పరచి, చేతితో నడుమనుండి అంచులకు నిమిరి ఆరనిండు. అప్పుడు బట్ట కాగితము చెప్పినట్లు వినును. అట్టకంటె నాలుగువైపుల ముప్పావు అంగుళము అధికముగ కత్తిరించి, మూలలను ఏటవాలుగ కోసి, లోపలికి మడచి అంటింపవలెను. బట్టకు పడుగు పేకలవలె కాగితమునకును అట్టకును నిలువు అడ్డములు కలవు. ఏవైపు సులభముగ వంగునో ఆ మడత పుస్తకపు వెన్నునకు సమాంతరముగ నుండవలెను. పైన బట్ట ఆరుచు అట్టను వంచును గాన, లోపలివైపున గూడ ఒక కాగితము నంటించి ఆ లాగుడును సరిచేయవలెను. ఒక దినమంతయు బరువు క్రింద నుంచుడు. పుటలను రంధ్రములు చేసి నాడాతో ముడివేసిన, తరువాత పుటలు చేర్చుకొనవచ్చును. వెన్నువైపు ప్రతిపుట నడుమను అంగుళము వెడల్పు పట్టీ నొకదానిని చేర్చిన, వస్తువుల మందమువలన పుస్తకము నోరు తెరవదు.

కార్డుల కింత నియమము లేదు. అవి ఇచ్చివేయుటకు చేసినవి గాన, మెరుపులు, రంగులు, అంగడి జిగురులు యథేచ్ఛగ వాడుకొనవచ్చును. ఇచ్చునది వేరు, దాచునది వేరు అను భేదము నెరిగిన చాలును. నిండుచేతులతో ప్రయోగములు చేయదలచిన బాలికలను ముందుగ కార్డులపై చేయనిండు.

వయసు మీరినదని సంకోచించు సోదరీమణులకు ఇంగ్లండు దేశపు మేరీ డెలానీ కథ చెప్పెదము. 1700లో జన్మించిన ఆమె తన డెబ్బదిరెండవ యేట కాగితపు పువ్వులు కత్తిరింప నారంభించెను. నల్లని కాగితముపై సన్నసన్నని రంగుకాగితపు ముక్కలను, కొన్నింట నిజమైన ఆకులను గూడ అంటించి, కన్నులు సహకరించినంతకాలము, అనగా సుమారు పదియేండ్లు, పనిచేసి 985 పువ్వులను సిద్ధపరచెను. 1897లో అవి లండనునందలి బ్రిటిషు మ్యూజియమునకు చేరినవి, నేటికిని అచటనే యున్నవి.

తుదకొక మాట. చిత్రము నిలిచియు, అందున్న వారెవరో తెలియకున్న ఫలమేమి? ప్రతి చిత్రము క్రింద పుటపై పేరు, వరుస, ఊరు, సంవత్సరము వ్రాయుడు. బంతికలపు సిరా వెలియును. మెత్తని పెన్సిలు గాని, మసితో చేసిన నల్లసిరా గాని మేలు. తాటాకులపై గంటముతో చెక్కి మసి పూసిన అక్షరములు శతాబ్దములు నిలిచినవి గదా! ఫోనులలో వేలకొలది చిత్రములున్నను, వానిలో పదింటినైన కాగితముపై అచ్చువేయించి, మీ అత్తగారిని, అమ్మగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వారిచేతనే నాలుగు మాటలు వ్రాయింపుడు. వెనుకటి చిత్రములలోని ముఖములను గుర్తింపగలవారు వారే. ఆ పని వచ్చు పండుగవరకు ఆపక, ఈ ఆదివారమే మొదలిడుడని మా మనవి.