శుక్రవారం ఒక గంట అక్షరాలకు

కువైట్ క్యాంపుల్లో శుక్రవారం ఎలా గడుస్తుందో అందరికీ తెలిసిందే. బట్టలు ఉతుక్కోవడం, వంట, ఇంటికి ఫోను, ఆపైన నిద్ర. వారమంతా ఎండలో ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లు పడుకుంటే తప్పేం లేదు. అయినా కొందరికి సరదాలున్నాయి. ఒకరు పాత కంప్యూటర్ విప్పి బాగుచేస్తారు, ఇంకొకరు కుక్కర్‌లోనే కేకు చేస్తారు. ఆ సరదాల్లో అరబిక్ చదవడం నేర్చుకోవడాన్నీ చేర్చమని మా మనవి.

మాట్లాడడం మనవాళ్లకు ఎంతోకొంత వచ్చు. చదవడమే రాదు. గుమాస్తాలుగా మేం తరచూ చూసేది ఇదే: కాగితంలో ఏముందో తెలియకుండానే సంతకం. 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ప్రకారం ఒప్పందం అరబిక్‌లో ఉండాలి. పక్కన వేరే భాషలో అనువాదం ఉన్నా, తేడా వస్తే చెల్లేది అరబిక్‌లో ఉన్నదే.

అక్షరాలు 28, కుడి నుంచి ఎడమకు రాస్తారు. అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి. ముందు అంకెలే పట్టుకోండి. అక్కడ సున్నా అంటే చుక్క. మన సున్నాలా గుండ్రంగా ఉండేది 5. గీత, గుండ్రం, చుక్క ఉంటే 150. గీత, చుక్క, గుండ్రం ఉంటే 105. జీతం దగ్గర అది నెలకు 45 దినార్ల తేడా!

తర్వాత రెండు మాటలు: రాతిబ్ అంటే జీతం, ఇజాజా అంటే సెలవు.

ఈ వయసులో ఓనమాలా అని నవ్వేవాళ్లను నవ్వనివ్వండి అన్నలారా. సంతకానికి ముందు అంకె మీద వేలు పెట్టి "ఇదేమిటి?" అని అడగగలిగితే ఆ గంట వృథా కాదు.