కారాగారంలో విపశ్యన – ఒక వైద్యుని అభిప్రాయం

“నేరం చేసినవాడికి ధ్యానమెందుకండీ, శిక్ష అనుభవించనివ్వండి” అనే మాట చదువుకున్నవారి నోటనే ఎక్కువగా వింటూ ఉంటాను. ఈ మాట అనేవారు ముందుగా ఒక లెక్క గమనించాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక ప్రకారం మన దేశపు జైళ్ళలో ఉన్నవారిలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. అంటే వారి నేరం ఇంకా రుజువు కాలేదు. రేపు వారిలో అత్యధికులు మన వీధిలోకే, మన పక్కింటికే తిరిగి వస్తారు. ఏ మనస్సుతో తిరిగి వస్తారన్నది ప్రజారోగ్యానికి సంబంధించిన ప్రశ్న. అందుకే ఆ విషయం ఇక్కడ వ్రాస్తున్నాను.

విపశ్యన బుద్ధుడు బోధించిన ధ్యాన పద్ధతి. బర్మాలో గురుపరంపరగా నిలిచిన ఈ విద్యను సయాజీ ఊ బా ఖిన్ వద్ద అభ్యసించి, 1969లో భారతదేశానికి తెచ్చినవారు సత్యనారాయణ గోయెంకా. శిబిరం పది రోజులు. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. మాట లేదు, ఫోను లేదు, పుస్తకం లేదు. మొదటి మూడు రోజులు ముక్కు వద్ద శ్వాస రాకపోకలను గమనించడమే పని. నాలుగో రోజు నుండి శిరస్సు మొదలు పాదాల వరకు శరీరంలో కలిగే స్పందనలను, నొప్పిగాని, మంటగాని, పులకింతగాని, కోరక, ద్వేషించక చూడాలి. చివరి రోజున మైత్రీ భావన. రోజుకు దాదాపు పది గంటలు కూర్చోవడమంటే విశ్రాంతి అనుకోకండి. మోకాళ్ళ నొప్పులున్న నావంటి వారిని అడగండి, చెబుతారు.

మన దేశంలో జైలులో తొలి శిబిరం 1975లో జయపూర్ కేంద్ర కారాగారంలో జరిగింది. అప్పటి రాజస్థాన్ హోం కార్యదర్శి రామ్ సింగ్ దానికి పూనుకున్నారు. కరడుగట్టిన ఖైదీలను సంకెళ్ళతోనే తెచ్చి కూర్చోబెట్టబోతే, సంకెళ్ళు తీసేదాకా బోధించడానికి గోయెంకా అంగీకరించలేదు. అధికారులు భయపడ్డారు, తర్జనభర్జన పడ్డారు, చివరకు తీశారు. ఎవరూ ఎవరిమీదా పడలేదు. ఆ తరువాత చాలా కాలం ఈ ప్రయత్నం పెద్దగా ముందుకు సాగలేదు.

1993లో కిరణ్ బేడీ ఢిల్లీ జైళ్ళ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా వచ్చేనాటికి తిహార్ జైలులో సామర్థ్యానికి ఎన్నో రెట్ల మంది కిక్కిరిసి ఉన్నారు. విపశ్యన పెడితే బాగుంటుందని ఆమెకు సూచించినది పెద్ద నిపుణుల సంఘమేమీ కాదు, అదే జైలులో పనిచేస్తున్న ఒక అసిస్టెంట్ సూపరింటెండెంట్. ఆ ఏడాది చివరిలో సుమారు వంద మందితో మొదటి శిబిరం నడిచింది. 1994 ఏప్రిల్‌లో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకేసారి పది రోజులు మౌనంగా కూర్చున్నారు. అదే ఏడాది తిహార్ లోపలే శాశ్వత ధ్యాన కేంద్రం ఏర్పడింది. ఈ కథను ఇద్దరు ఇజ్రాయెల్ మహిళలు తీసిన 1997 నాటి డాక్యుమెంటరీలో చూడవచ్చు. అందులో ఖైదీలు బోధకుణ్ణి పట్టుకొని ఏడవడం నన్ను అంతగా కదిలించలేదు. పది రోజుల తరువాత ఎవరైనా ఏడుస్తారు. ఆ జైలు శిబిరాలను ఒక ఉత్సవంలా ముగించక, నెల నెలా జరిపే నిత్యకృత్యంగా మార్చుకుంది. నాకు ముఖ్యంగా తోచినది అది.

ప్రభుత్వ వైద్యునిగా కొంతకాలం సబ్‌జైలుకు వెళ్ళి ఖైదీలను పరీక్షించే బాధ్యత నాకుండేది. గజ్జి, దగ్గు, కడుపునొప్పి మామూలే. వీటికన్న ఎక్కువగా వినబడే మాట ఒకటే: “నిద్ర పట్టట్లేదు సార్, ఏదైనా మాత్ర రాయండి.” పగలంతా కోర్టు వాయిదా గురించి, రాత్రంతా ఇంటి గురించి ఆలోచన. దాని వెనుక నడుస్తున్నది శరీరమే. కోపం గాని భయం గాని రాగానే ఎడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం హెచ్చుతుంది, ఊపిరి పైపైకి వస్తుంది, పిడికిలి బిగుసుకుంటుంది. చాలా నేరాలు ఈ మార్పుకూ, చేతి కదలికకూ మధ్యనున్న ఆ రెండు మూడు క్షణాలలోనే జరిగిపోతాయి. విపశ్యన ఆ రెండింటి మధ్య కొంత వ్యవధిని కల్పిస్తుంది. ఛాతీలో మంట లేస్తున్నదని గమనించడం నేర్చినవాడు, ఆ మంట చల్లారడం కూడా గమనించగలడు. నిద్రమాత్ర ఈ పని చేయలేదు.

ఆధారాలున్నాయా అని మీరు అడగాలి, అడగకపోతే నేనే నొచ్చుకుంటాను. అమెరికాలోని సియాటెల్‌లో ఒక స్థానిక కారాగారంలో 1997 నుండి శిబిరాలు జరిగాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ మార్లాట్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో, శిబిరం పూర్తిచేసినవారు విడుదలైన మూడు నెలల తరువాత మద్యం, మాదకద్రవ్యాలు తక్కువగా వాడినట్లు తేలింది. అయితే వారు తమంతట తాముగా ముందుకు వచ్చినవారు. మారాలన్న కోరిక వారిలో ముందే ఉండి ఉంటుంది. కాబట్టి ఫలితమంతా ధ్యానానిదేనని చెప్పడం శాస్త్రం కాదు. ఆశాజనకం అనవచ్చు, అంతే.

ఇక మతం మాట. అలబామాలోని డొనాల్డ్‌సన్ కారాగారంలో 2002లో శిబిరం పెట్టినప్పుడు, ఖైదీలు బౌద్ధులైపోతున్నారన్న అభ్యంతరంతో దానిని ఆపివేశారు. కొన్నేళ్ళకు తిరిగి అనుమతించారు. అంగుళిమాలుని కథ పుట్టిన గడ్డమీద ఆ భయం మనకు వింతగా తోచవచ్చు. అమరావతి, నాగార్జునకొండ మన ఇంటి పేర్ల వంటివే కదా అని కూడా అనవచ్చు. కాని ముస్లిం, క్రైస్తవ ఖైదీల సందేహాన్ని కొట్టిపారేయడం తప్పు. శ్వాసకు మతం లేదు. శిబిరంలో వినిపించే పాళీ శ్లోకాలకు, పంచశీలకు మూలం బౌద్ధమే. ఆ సంగతి దాచకుండా ముందే చెప్పి, ఇష్టమున్నవారినే చేర్చుకోవాలి. వద్దన్నవారికి ఏ లోటూ రాకూడదు. అదే కారణంగా, శిబిరంలో కూర్చుంటే శిక్షాకాలం తగ్గిస్తామనే ఎర కూడా ఉండకూడదని నా అభిప్రాయం. ఎర చూపితే జైలంతా కళ్ళు మూసుకొని కూర్చుంటుంది, ఎవరూ ధ్యానం చేయరు.

నా అసలు ఆందోళన వేరే ఉంది. పది రోజుల గాఢమైన మౌనం ప్రతి మనస్సుకూ సరిపడదు. స్కిజోఫ్రేనియా, బైపోలార్ జబ్బు ఉన్నవారిలో అది జబ్బును తిరగబెట్టవచ్చు. తీవ్రమైన కుంగుబాటుతో ఆత్మహత్య ఆలోచనలున్నవాడిని మాటా పలుకూ లేకుండా తన ఆలోచనలకే వదిలేయడం ప్రమాదం. విపశ్యన కేంద్రాలు కూడా తీవ్ర మానసిక వ్యాధులున్నవారిని చేరవద్దనే చెబుతాయి. బయటివాడైతే దరఖాస్తులో తన జబ్బు సంగతి వ్రాస్తాడు. జైలులో చాలామందికి తమకు జబ్బున్నదన్న సంగతే తెలియదు. తాగుడు అలవాటున్నవాడు అరెస్టయిన రెండు మూడు రోజులకు చేతులు వణకడం, లేనివి కనబడడం, ఫిట్స్ రావడం మొదలవుతాయి. అతనికి అప్పుడు కావలసినది ఆసుపత్రి, ఆసనం కాదు. మధుమేహం, మూర్ఛ, మానసిక వ్యాధుల మందులు శిబిరం పేరుతో ఒక్క పూట కూడా ఆపకూడదు.

కనుక శిబిరానికి ముందు ప్రతి ఖైదీనీ వైద్యుడు పరీక్షించాలి, పది రోజులూ పిలిస్తే పలికే దూరంలో ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం జైలు వైద్యులకు ఈ విషయంలో కనీస శిక్షణ ఇవ్వాలనీ, ప్రతి రాష్ట్రంలోనూ కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలనీ చెబుతున్నది. ఆ ఏర్పాటు లేనిచోట ధ్యాన శిబిరం పెట్టి ఫోటోలు దిగితే, లేని మానసిక వైద్యుణ్ణి కప్పిపుచ్చినట్లే అవుతుంది. ఇరవైమంది పట్టే బ్యారక్‌లో అరవైమందిని పడుకోబెట్టి సమభావం నేర్పడం కూడా అటువంటిదే.

ఇన్ని షరతులు చెప్పినా, మన రెండు తెలుగు రాష్ట్రాల పెద్ద జైళ్ళన్నిటిలోనూ ఇది క్రమంగా, ఏడాది పొడుగునా జరగాలనే కోరుతున్నాను. దేశంలో తొలి విపశ్యన కేంద్రం 1976లో వెలసినది మన హైదరాబాదు శివార్లలోనే, నాగార్జునసాగర్ రోడ్డులో. శిబిరానికి రుసుము లేదు కనుక ఖర్చు సాకు చెప్పనక్కరలేదు. ముందుగా అక్కడికి వార్డర్లను, జైలర్లను వేతనంతో కూడిన సెలవిచ్చి పంపాలి. ఖైదీలతోపాటు వారూ ఆ గోడల మధ్యనే బతుకుతున్నారు, బీపీ మాత్రలు మింగుతున్నారు. తరువాత ఖైదీల వంతు. శిబిరం ముగిసిన పదకొండో రోజు నుండి ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట కూర్చోవడానికి ప్రతి జైలులోనూ ఒక నిశ్శబ్దమైన గది కేటాయించాలి. తాళం వేయని గది అయితే మరీ మంచిది.