ఇళ్ల స్థలాలకు మీ పొలం అడిగితే: చట్టంలో ఏం పోయింది, ఏం మిగిలింది

పేదలకు ఇళ్ల స్థలాలు అనగానే మన ఊళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఇల్లు లేనివారు ఎప్పుడిస్తారని అడుగుతారు. ఊరి పక్కన పొలం ఉన్నవారు ఎవరిది తీసుకుంటారని అడుగుతారు. చాలాసార్లు ఈ రెండు ప్రశ్నలూ ఒకే ఇంట్లో ఉంటాయి. అన్నకు ఎకరం మాగాణి ఉంటుంది, తమ్ముడి కుటుంబం అద్దె ఇంట్లో ఉంటుంది. మన పొలంలో నాట్లు వేసే అక్కచెల్లెళ్లలో ఎంతమందికి సొంత ఇల్లు ఉందో మీకే బాగా తెలుసు. కాబట్టి ఇళ్లు కట్టాలా వద్దా అన్నది ఇక్కడ చర్చ కాదు. ఎక్కడ కట్టాలి, ఆ మాట ఎవరు తేల్చాలి అన్నదే అసలు విషయం.

ఇది వ్యవసాయ అధికారి రాయాల్సిన విషయమేనా అని మీకు అనిపించవచ్చు. పొలంలో హద్దు రాళ్లు పాతిన తర్వాత రైతులు మా దగ్గరకు వచ్చి, పంట నమోదు కాగితం కావాలని అడుగుతుంటారు. అప్పటికి సగం గడువులు దాటిపోయి ఉంటాయి. అందుకే పంటల సలహాలతో పాటు ఇది కూడా ముందే చెప్పడం మంచిది.

2013 భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఉన్నది 1894 నాటి బ్రిటిష్ చట్టం. కొత్త చట్టంలో రైతుకు అన్నిటికన్నా పెద్ద మేలు పరిహారం పెరగడమే అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనవి మరో రెండు ఉన్నాయి. ఒకటి, భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ అంచనా జరగాలి. ఈ భూమి నిజంగా అవసరమా, ఇంకెక్కడా దొరకదా, ఎంతమంది బతుకుతెరువు పోతుంది అని పరిశీలించాలి. గ్రామసభను సంప్రదించాలి, బహిరంగ విచారణ పెట్టాలి. రెండోది సెక్షన్ 10. రెండు మూడు పంటలు పండే సాగునీటి భూమిని వేరే దారి లేనప్పుడు, చివరి మార్గంగా మాత్రమే తీసుకోవాలని అది చెబుతుంది.

2014 డిసెంబరు 31న కేంద్రం ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. కొన్ని రకాల ప్రాజెక్టులకు ఈ రెండింటి నుంచి మినహాయింపు ఇవ్వవచ్చని అందులో ఉంది. దేశమంతా రైతులు వ్యతిరేకించారు. అది పార్లమెంటులో చట్టం కాలేదు, 2015 ఆగస్టు చివరికి గడువు తీరిపోయింది. అయితే భూసేకరణ ఉమ్మడి జాబితాలోని అంశం. రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రాలు తమ సవరణలు తాము చేసుకోవచ్చు. ఆ దారిలోనే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2018లో సవరణ చట్టాలు తెచ్చుకున్నాయి. ఆర్డినెన్సులోని సెక్షన్ 10ఏ మళ్లీ వచ్చింది. రక్షణ, గ్రామీణ మౌలిక వసతులు, పారిశ్రామిక కారిడార్ల సరసన మినహాయింపు జాబితాలో పేదల ఇళ్లు, అందుబాటు ధర ఇళ్లు కూడా ఉన్నాయి.

ఎందుకు ఇలా చేశారంటే ప్రభుత్వాల వాదన ఒకటుంది. సామాజిక ప్రభావ అంచనాకు ఆరు నెలలు పడుతుంది, ఆ తర్వాత నిపుణుల పరిశీలన, ఆ తర్వాత నోటిఫికేషన్, ఈలోగా పేదవాడు ఎండకు వానకు ఉంటున్నాడు అని. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ఆ జాబితాలో పేదల ఇళ్లను చేర్చడం సరికాదని నా అభిప్రాయం. జాతీయ రహదారి గీత గీశాక పక్కకు జరపడం కష్టం. కాలువ వాలును బట్టి పోవాలి. ఇళ్ల లేఅవుట్ అలా కాదు, ఊరికి తూర్పున కాకపోతే పడమర వేయవచ్చు. ఏ దిక్కున మెరక ఉంది, ఏ దిక్కున నీళ్లు నిలుస్తాయి అన్నది ఆ ఊరివాళ్లకు తెలిసినట్టు పై అధికారికి తెలియదు. ఊరి మాట అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే చోటే ఆ మాట అడగకుండా మినహాయింపు ఇచ్చారు.

ఒక లెక్క చూడండి. 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 30 లక్షల ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున ఇచ్చారు. రోడ్లకు, కాలువలకు 40 సెంట్లు పోయాయనుకుంటే ఎకరానికి 40 స్థలాలు వస్తాయి. ఊళ్లో 80 కుటుంబాలకు కావాలంటే రెండెకరాలు చాలు. ఇప్పటి ప్రభుత్వం ప్రకటించినట్టు పల్లెల్లో 3 సెంట్లు ఇచ్చినా నాలుగెకరాలు. రెండు నుంచి నాలుగెకరాల కోసం బోరు ఉన్న మాగాణినే తీసుకోవాల్సిన పరిస్థితి ఎన్ని ఊళ్లలో ఉంటుంది? తెలంగాణలో 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సొంత స్థలం ఉన్నవారికి 5 లక్షల రూపాయలు ఇస్తున్నారు. ఆ పద్ధతిలో పొలాల మీద ఒత్తిడి తక్కువ. స్థలం కూడా లేనివారి వంతు వచ్చేసరికి అక్కడా ఇదే ప్రశ్న వస్తుంది.

స్థలం తప్పుగా ఎంచుకుంటే నష్టం రైతుకు మాత్రమే కాదు. తూర్పు గోదావరి జిల్లాలో కోరుకొండ మండలం బూరుగుపూడి ఆవ భూముల సంగతి మీలో చాలామంది పత్రికల్లో చదివే ఉంటారు. ఆవ అంటేనే పల్లం, నీళ్లు చేరే చోటు. అక్కడ ఇళ్ల స్థలాలకు భూమి తీసుకోవడంపై ముంపు అభ్యంతరాలు వచ్చి, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. పల్లపు భూమిని మెరక చేయాలంటే ఎకరానికి ఎన్ని ట్రాక్టర్ల మట్టి కావాలో రైతుకు చెప్పక్కర్లేదు. నల్లరేగడిలో అయితే వానకు ఉబ్బి, ఎండకు బీటలిచ్చే నేల మీద పునాది ఖర్చు పెరుగుతుంది. పేదవాడికి ఇచ్చే డబ్బు ఆ పునాదికే అయిపోతుంది.

ఇక చట్టంలో మిగిలినవి చూద్దాం. ఇవి చాలామందికి తెలియవు.

మొదటిది, మినహాయింపు దానంతట అది రాదు. ప్రభుత్వం ఆ ప్రాజెక్టుకు మినహాయింపు ఇస్తున్నట్టు నోటిఫికేషన్ ఇవ్వాలి. ఆ కాపీ ఆర్డీవో కార్యాలయంలో అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మినహాయింపు నోటిఫికేషనే లేకపోతే పాత పద్ధతి అంతా జరగాల్సిందే.

రెండోది, సెక్షన్ 11 ప్రాథమిక నోటిఫికేషన్. ఇది పత్రికల్లో రావాలి, పంచాయతీ, తహసీల్దారు కార్యాలయాల్లో తెలుగులో పెట్టాలి. అది వెలువడిన వెంటనే ప్రత్యేకంగా గ్రామసభ పెట్టి అందులోని విషయాలు ఊరికి చెప్పాలని అదే సెక్షన్ చెబుతోంది. 10ఏ మినహాయింపు దీనికి వర్తించదు. గ్రామసభ జరగకుండానే తీర్మానం రాసుకుంటే, ఆ రోజు సభ జరగలేదని రాతపూర్వకంగా కలెక్టరుకు పంపండి. సర్పంచిని, పంచాయతీ కార్యదర్శిని సభ ఎప్పుడని ముందే అడగడం ఇంకా మేలు. ఏజెన్సీ ప్రాంతాల్లో అయితే చెప్పడం మాత్రమే సరిపోదు, గ్రామసభ ముందస్తు సమ్మతి తప్పనిసరి.

మూడోది సెక్షన్ 15. నోటిఫికేషన్ వచ్చిన తేదీ నుంచి 60 రోజుల్లో మీరు అభ్యంతరం చెప్పవచ్చు. తీసుకునే విస్తీర్ణం, భూమి అనుకూలత, ప్రజా ప్రయోజనం అన్నవాటిపై చెప్పవచ్చు. కలెక్టరు మిమ్మల్ని పిలిచి వినాలి. ఇక్కడే మన రైతులు ఎక్కువగా వెనకబడుతున్నారు. పది మంది కలిసి ఒకే కాగితం మీద 'మా భూములు ఇవ్వం' అని రాసి సంతకాలు చేస్తారు. దానికి విలువ తక్కువ. ఎవరికి వారు విడిగా రాయండి. సర్వే నంబరు, విస్తీర్ణం, నీటి వసతి, గత మూడేళ్లుగా వేసిన పంటలు రాయండి. మీ పొలం గుండా పోయే బోదె కింద ఇంకా ఎన్ని ఎకరాలు తడుస్తున్నాయో, లేఅవుట్ వేస్తే ఆ నీరు ఎలా ఆగిపోతుందో రాయండి. వానాకాలంలో ఎన్ని రోజులు నీరు నిలుస్తుందో, మురుగు ఎటు పోతుందో రాయండి. ఊళ్లో ప్రభుత్వ భూమో, మెట్ట భూమో ఇంకోచోట ఉంటే దాని సర్వే నంబరు కూడా ఇవ్వండి. ప్రత్యామ్నాయం చూపించిన అభ్యంతరాన్ని పక్కన పెట్టడం అధికారికి కష్టం. కాగితం ఇచ్చినప్పుడు తేదీతో ముద్ర వేయించుకున్న నకలు తెచ్చుకోండి.

దీనికి మీ దగ్గర ఉండాల్సిన రుజువు పంట నమోదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రంలో ఈ-పంట, తెలంగాణలో ఏఈవో చేసే పంటల నమోదు. ఖరీఫ్, రబీ రెండింటిలోనూ పంట నమోదై ఉంటే అది రెండు పంటల భూమి అని మీరు వాదించక్కర్లేదు, రికార్డే చెబుతుంది. రబీ మినుము, పెసర పెద్ద పంటలు కావని చాలామంది నమోదు చేయించరు. ఇకనైనా చేయించండి. ఆంధ్రప్రదేశ్‌లో 1బి, అడంగల్, తెలంగాణలో భూభారతి వివరాలు కూడా సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. తండ్రి పేరు మీదే ఉండిపోయిన భూములకు పరిహారం వేళ అన్నదమ్ముల మధ్య తగాదా వస్తుంది.

పరిహారం దగ్గరికి వద్దాం. మార్కెట్ విలువకు రిజిస్ట్రేషన్ విలువ చూస్తారు. దగ్గరి గ్రామాల్లో గత మూడేళ్ల అమ్మకపు దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజుల సగటు కూడా చూస్తారు. ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. గ్రామీణ ప్రాంతంలో దాన్ని 1 నుంచి 2 మధ్య ప్రభుత్వం నిర్ణయించిన అంకెతో హెచ్చిస్తారు. చెట్లు, కట్టడాల విలువ కలిపి, మొత్తం మీద నూరు శాతం సొలేషియం ఇస్తారు. ఉదాహరణకు ఎకరం 10 లక్షలు, హెచ్చింపు 1.25 అనుకుంటే పన్నెండున్నర లక్షలు అవుతుంది, సొలేషియంతో 25 లక్షలు. ఆ 10 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే కీలకం. ఎకరం 30 లక్షలకు కొని, స్టాంపు ఖర్చు తగ్గుతుందని 8 లక్షలకు రిజిస్టరు చేయించుకోవడం మన దగ్గర మామూలే. పక్కవాడి ఆ దస్తావేజే రేపు మీ భూమి ధర అవుతుంది.

చెట్ల విలువ కట్టేటప్పుడు వ్యవసాయ, ఉద్యాన రంగంలో అనుభవం ఉన్నవారి సేవలు తీసుకోవచ్చని సెక్షన్ 29లో ఉంది. మామిడి, కొబ్బరి, జామ చెట్లను వరసగా లెక్కపెట్టి 'ఇన్ని చెట్లు' అని రాసేస్తే ఒప్పుకోకండి. చెట్టు వయసు, కాపు, ఇంకా ఎన్నేళ్లు కాస్తుంది అన్నవి లెక్కలోకి రావాలి. ఉద్యాన అధికారితో విలువ కట్టించమని రాసి అడగండి. బోరు, పైపులైను, షెడ్డు, కంచె విడిగా రాయించండి. నిలువు పంట ఉంటే తేదీ కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. పరిహారం పూర్తిగా చెల్లించాకే స్వాధీనం చేసుకోవాలని చట్టం చెబుతోంది. డబ్బు పడకముందే జేసీబీ వస్తే ఆ రోజే తహసీల్దారుకు, కలెక్టరుకు ఫిర్యాదు ఇవ్వండి.

సంప్రదింపుల పద్ధతిలో ధర మాట్లాడుకుని ఒప్పందం రాసిస్తే పని త్వరగా అవుతుంది. మంచి ధర వస్తే ఆ దారి తప్పేమీ కాదు. కాని ఒప్పుకుని సంతకం పెట్టాక ఎక్కువ ధర అడిగే అవకాశం సాధారణంగా ఉండదు. పైన చెప్పిన లెక్క వేసుకున్నాకే కూర్చోండి.

అసైన్డు భూమి రైతులకు ఒక మాట. ప్రభుత్వం ఇచ్చిన భూమి ప్రభుత్వమే తీసుకుంటోంది, మీకు ఏమీ రాదు అని ఎవరైనా అంటే నమ్మకండి. పట్టాదారుతో సమానంగా అసైనీకి పరిహారం ఇవ్వాలని ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే చెప్పింది. 2013 చట్టంలో భూ యజమాని నిర్వచనంలోనూ అసైన్డు భూముల ప్రస్తావన ఉంది. పట్టా కాగితం పోయి ఉంటే తహసీల్దారు కార్యాలయంలో నకలుకు ఇప్పుడే దరఖాస్తు చేసుకోండి.

కౌలు రైతులు, పొలం మీద ఆధారపడిన కూలీలు కూడా బాధిత కుటుంబం నిర్వచనంలో ఉన్నారు. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పని చేస్తూ, దాని మీదే బతుకుతున్నట్టు చూపించాలి. నోటి మాట కౌలుకు ఇదే పెద్ద ఇబ్బంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు కార్డు 11 నెలలదే, భూమి మీద హక్కు ఇవ్వదు. కాని మీ పేరుతో ఉన్న కార్డులు, ఈ-పంట నమోదులు మూడేళ్లవి కలిపితే మంచి రుజువు. కార్డు ఇప్పిస్తే తమ భూమి పోతుందని భయపడే యజమానులకు ఈ సంగతి చెప్పండి.

చివరగా, డబ్బు తీసుకునేటప్పుడు. ధర తక్కువ అనిపిస్తే 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాసి సంతకం పెట్టండి. అలా రాయకుండా తీసుకుంటే సెక్షన్ 64 కింద ఎక్కువ పరిహారం అడిగే హక్కు పోతుంది. అవార్డు ప్రకటించిన రోజు మీరు అక్కడ ఉంటే ఆ తేదీ నుంచి 6 వారాల్లో కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వాలి. మీరు లేని సందర్భాల్లో గడువు లెక్క వేరుగా ఉన్నా, 6 వారాలే మీ గడువు అనుకుని నడుచుకోండి. న్యాయవాది ఫీజు భారమైతే మండల న్యాయ సేవల కమిటీలో ఉచిత సహాయానికి అడగవచ్చు. మహిళా రైతులు, ఎస్సీ, ఎస్టీ రైతులు ఆదాయంతో సంబంధం లేకుండా దానికి అర్హులు.