వార్త తెలిస్తే చాలదు

2024 జూన్ 3న లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్‌ను నమ్మి సెన్సెక్స్ 2,500 పాయింట్లకు పైగా ఎగసింది. మర్నాడు ఓట్ల లెక్కింపుతో 4,390 పాయింట్లు కూలింది. 7వ తేదీకల్లా మళ్లీ కొత్త గరిష్ఠానికి చేరింది. ఈ అయిదు రోజుల్లో కంపెనీల వ్యాపారం తలకిందులు కాలేదు, మారినవి అంచనాలే. సామాన్యుడి చెవిన పడేసరికే వార్త ధరలో ఇంకిపోయి ఉంటుంది. అయినా హెడ్‌లైన్ చూసి ఆప్షన్లు కొనేవారికి కొదవలేదు. ఫలితమేమిటో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనమే తేల్చింది: 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలోకి దిగిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు, పోయిన సొమ్ము రూ.1.8 లక్షల కోట్ల పైమాటే.

ఫ్యూచర్స్, ఆప్షన్ల వంటి డెరివేటివ్‌లు నష్టభయం నుంచి కాచుకునే సాధనాలు కదా అనవచ్చు. చేతిలో షేర్లున్నవారికి అది నిజమే. కానీ గడువు ముగిసే రోజున కొన్ని గంటల కోసం కొన్న ఆప్షన్ దేనికి రక్షణ? ఎవరి డబ్బు వారిష్టమనే వాదనా ఉంది. అయితే ఈ ట్రేడర్లలో 75 శాతానికి పైగా ఏడాది ఆదాయం రూ.5 లక్షల లోపని చెప్పినవారే. వారి నష్టం ఇంటిల్లిపాదినీ తాకుతుంది. అందుకే, చిన్న మొత్తాలతో దిగడం కష్టమయ్యేలా ఇండెక్స్ కాంట్రాక్టు కనీస విలువను రూ.15 లక్షలకు పెంచిన సెబీ నిర్ణయం సబబే. ఆ కట్టడి సడలకూడదు.