పిడుదుల లెక్క ఒంగోలు సీమలోనే జరగాలి

బ్రెజిల్ దేశంలో వయాటినా-19 అనే ఆవు 2023వ సంవత్సరంలో వార్తలకెక్కింది. వేలంలో దాని మూడవ వంతు వాటా పలికిన ధరను బట్టి మొత్తం విలువ 43 లక్షల డాలర్లని లెక్కగట్టారు. ప్రపంచంలో ఇంత ఖరీదైన ఆవు మరొకటి లేదన్నారు. అది నెలోర్ జాతి ఆవు, అంటే ఒంగోలు ఆవు సంతతి. ఆ ఫోటో ప్రకాశం జిల్లా పల్లెల్లో టీ బంకుల దగ్గర, పాలకేంద్రాల దగ్గర చేతులు మారింది. "మన గొడ్డే" అని చెప్పుకుని మురిసిపోయారు. మురిసిపోవడంలో తప్పు లేదు. అయితే ఆ దేశస్థులు సముద్రం దాటించి మరీ ఈ గొడ్డును ఎందుకు తీసుకుపోయినట్టు? ఆ ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు. జవాబులో ఒక భాగం ప్రతి గొడ్లచావిడిలోనూ, పశువు గంగడోలు ముడతల్లో దాగి వుంది. అదే పిడుదు. కొన్ని చోట్ల గోమారి అంటారు.

పిడుదును రైతు చిన్నచూపు చూస్తాడు. పాలు పితికేటప్పుడు కంటబడితే గిల్లి పారేస్తాడు, లేదా కాలికింద నలుపుతాడు. కాని పశువుల ఒంటిమీద ఎక్కువగా కనిపించే రకం పిడుదు గుడ్డు పగిలిన పిల్లగా ఒకే పశువు మీదికెక్కి, మూడు వారాలపాటు దాని రక్తం తాగి, ఉబ్బి, కిందపడి, రెండు మూడు వేల గుడ్లు పెట్టి చస్తుంది. చావిడి గోడ పగుళ్ళలో, పేడకుప్ప అంచున ఆ గుడ్లు పిల్లలవుతాయి. ఒక్కటి పోయి వేలు వస్తాయన్నమాట. పోయే రక్తం ఒక ఎత్తు, వచ్చే రోగాలు ఒక ఎత్తు. ఎర్రమూత్రం రోగానికి కారణమైన బెబీసియా క్రిమిని మోసేది ఇదే. మరో రకం పిడుదు థైలేరియా జ్వరాన్ని తెస్తుంది. నాటు ఆవుకు ఆ జ్వరం వచ్చినా చాలావరకు తట్టుకుంటుంది. అప్పు తెచ్చి కొన్న జెర్సీ సంకర ఆవు తట్టుకోలేదు. జ్వరం 105 డిగ్రీలు దాటుతుంది, గొంతు దగ్గర, భుజం ముందు గడ్డలు ఉబ్బుతాయి, మేత మానేస్తుంది. సకాలంలో బుపార్వాక్వోన్ సూది పడకపోతే దక్కదు. ఆవు పోయినా బ్యాంకు వాయిదా ఆగదు.

పిడుదు రోగాన్ని మోస్తుందన్న సంగతి ప్రపంచానికి తెలిసింది కూడా గొడ్ల పుణ్యమాననే. 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే శాస్త్రజ్ఞులు టెక్సాస్ జ్వరం పిడుదుల ద్వారానే సోకుతుందని రుజువు చేశారు. దోమ మలేరియాను మోస్తుందని సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ కనిపెట్టడానికి నాలుగేళ్ళ ముందు మాట ఇది. దోమ సంగతి బడిపిల్లలకు పాఠమైంది. పిడుదు సంగతి ఎవరి పాఠంలోనూ లేదు.

మందు వుంది కదా అంటారు. మందు కథ ఆస్ట్రేలియాలో చూడాలి. 1872లో బటావియా నుంచి డార్విన్ రేవుకు వచ్చిన పశువులతోపాటు ఆ దేశంలో పిడుదు దిగింది. 1890లలో క్వీన్స్‌లాండ్ అంతటా పాకి, ఇంగ్లీషు జాతి పశువుల మందలను ఊడ్చిపెట్టింది. అక్కడి వారు మొదట పశువులను పాషాణం కలిపిన నీటితొట్లలో ముంచారు. కొన్ని దశాబ్దాలకు పిడుదు పాషాణానికి అలవాటుపడింది. తరువాత డి.డి.టి. వచ్చింది, దానికీ అలవాటుపడింది. ఆ తరువాత ఆర్గనోఫాస్ఫరస్ మందులు, ఆ తరువాత పైరిత్రాయిడ్లు. మందు మారిన ప్రతిసారీ కొన్నేళ్ళు ఊరట, ఆపైన మళ్ళీ మొదటికే. మన దేశంలోనూ డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి మందులకు లొంగని పిడుదులు వున్నట్టు అనేక రాష్ట్రాల్లో పరిశోధకులు నిర్ధారించారు. "పోయినేడు ఒక మూత సరిపోయేది, ఇప్పుడు రెండు మూతలు పోసినా రాలడం లేదు" అని రైతు చెప్పేది ఇదే సంగతి. మూత మీద మూత పోయడం దీనికి మందు కాదు. కొందరు పత్తికి కొట్టే పురుగుమందునే పశువు మీద కొడుతున్నారు. ఆ విషం పాలలోకి దిగుతుంది, కొట్టినవాని ఊపిరిలోకీ పోతుంది. ఇది వెంటనే మానుకోవలసిన పని.

టీకాల మీదా పని జరిగింది. పిడుదు పేగులోని ఒక ప్రొటీను ఆధారంగా క్యూబాలో, ఆస్ట్రేలియాలో 1990లలో టీకాలు వచ్చాయి. టీకా వేసిన పశువు రక్తం తాగిన పిడుదు పేగు దెబ్బతిని గుడ్లు తక్కువ పెడుతుంది. బాగానే వుంది, కాని ఏడాదికి పలుమార్లు వేయాలి. థైలేరియా జ్వరానికి హైదరాబాదులోనే టీకా తయారైంది. అది ద్రవ నత్రజనిలో నిలవ వుంచవలసిన సరుకు. మారుమూల పల్లెకు చేర్చడం తేలిక కాదు.

ఇక మిగిలింది పశువు ఒంట్లోనే వున్న శక్తి. ఆస్ట్రేలియా వారు 1933లో అమెరికా నుంచి బ్రాహ్మన్ జాతి పశువులను తెప్పించుకున్నది ఎండకూ పిడుదుకూ తట్టుకుంటాయనే. ఆ బ్రాహ్మన్ జాతి గుజరాతు గొడ్లు, గిర్, కృష్ణాలోయ గొడ్లతోపాటు ఒంగోలు గొడ్లను కలిపి అమెరికాలో తయారుచేసినది. బ్రెజిల్ వారు మరింత నేరుగా వచ్చారు. 19వ శతాబ్ది చివరి భాగం నుంచే ఒంగోలు పశువులు అక్కడికి పోతున్నాయి. అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో వుండేది కాబట్టి వాటికి నెలోర్ అన్న పేరు స్థిరపడింది. గొడ్డు ఒంగోలుది, పేరు నెల్లూరుది! 1960వ దశకం తొలి సంవత్సరాలలో పోయిన ఆబోతుల్లో ఒకటి ఒంగోలు పక్కనే వున్న కరవది ఊరి పేరుతోనే అక్కడి వంశావళి పుస్తకాల్లో వెలుగుతోంది. అయినా పిడుదు ఆ దేశాన్ని వదలలేదు. దానివల్ల బ్రెజిల్ పశుపరిశ్రమకు ఏటా 300 కోట్ల డాలర్లకు పైగా నష్టమని 2014లో అక్కడి శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. మూపురం లేని సీమజాతుల రక్తం ఎక్కువైన మందల మీద పిడుదులూ ఎక్కువే.

ఒంగోలు గొడ్డు పిడుదును ఎలా తట్టుకుంటుంది? పొట్టి నున్నని వెంట్రుకలు, ఈగ వాలితే చాలు వణికించే చర్మం, ఎడతెగక ఒళ్ళు నాకుకునే అలవాటు మొదటి కారణాలు. అంతకన్న ముఖ్యమైనది చర్మం లోపల వుంది. పిడుదు ఉమ్మిని శరీరం గుర్తుపట్టి, కుట్టిన చోట దురద పుట్టించి, పిడుదు పిల్లను స్థిరంగా పట్టుకోనివ్వదు. ఈ శక్తి కొంత పుట్టుకతో వచ్చేదే అయినా, దూడప్రాయంలో పిడుదులు కుట్టిన తరువాతే గట్టిపడుతుంది. ఎర్రమూత్రం రోగమూ అంతే. లేత వయసులో తేలికగా సోకి పోతే ఆ దూడకు పెద్దయ్యాక రక్షణ వుంటుంది. నాటు దూడ మీద నాలుగు పిడుదులు కనబడగానే సీసా ఎత్తడం అందుకే తెలివైన పని కాదు. సంకర దూడ సంగతి వేరు, దానికి థైలేరియా ప్రమాదం ఎక్కువ.

ఇక్కడే అసలు విషయం వుంది. పిడుదులను తట్టుకునే శక్తి జాతిని బట్టే కాదు, పశువును బట్టి కూడా మారుతుంది. ఒకే చావిడిలో, ఒకే మేత తినే పది గొడ్లలో రెండు మూడే పిడుదుల పుట్టలై వుంటాయి. ఈ సంగతి ప్రతి పశువుల కాపరికీ తెలుసు. ఆ గుణం తల్లిదండ్రుల నుంచి దూడకు దిగుతుందని ఆస్ట్రేలియాలో రాక్‌హాంప్టన్ దగ్గర బెల్మాంట్ పరిశోధన క్షేత్రంలో ఏళ్ళ తరబడి లెక్కపెట్టి తేల్చారు. వారి పద్ధతిలో మాయ ఏమీ లేదు. పశువుకు ఒక పక్కన మాత్రం, నాలుగున్నర మిల్లీమీటర్లు దాటి ఉబ్బిన పిడుదులను లెక్కపెట్టారు. జొన్నగింజ కన్న కాస్త పెద్దవన్నమాట. అవి ఒకరోజులో రాలిపోయేవి కాబట్టి ఆ అంకె ఆ పశువు రోజుకు ఎన్ని పిడుదులను పెంచి పోషిస్తున్నదో చెబుతుంది.

పాలు కావాలంటే పిడుదులను భరించక తప్పదని కొందరు అధికారులే అంటూ వుంటారు. ఆ మాట పూర్తి నిజం కాదు. 1950ల నుంచి ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ జెర్సీ ఆవులను సాహివాల్, ఎర్ర సింధి జాతులతో కలిపి ఒక పాడి జాతిని తయారుచేసింది. కోడెలను ముందు ఎండకు, పిడుదులకు పరీక్షించి, నెగ్గినవాటినే వుంచి, వాటి కూతుళ్ళ పాలు కొలిచి ఆబోతులను ఎంచారు. ఆ జాతి పేరు ఇవాళ అంతగా వినబడదు. కాని వారు అడిగిన ప్రశ్న మాత్రం మన జిల్లాలో ఎవరూ అడగడం లేదు. కృత్రిమ గర్భోత్పత్తి కోసం ఆవును తోలుకువచ్చిన రైతుకు ఆబోతు తల్లి ఎన్ని లీటర్లు ఇచ్చిందో చెబుతారు. దాని సంతతి పిడుదులకు ఎంతమాత్రం నిలబడుతుందో చెప్పరు. చెప్పడానికి లెక్క వుండాలి కదా!

రైతును తప్పుపట్టి లాభం లేదు. ట్రాక్టరు వచ్చాక గిత్తల జతకు చాకిరీ తగ్గింది, ఒంగోలు ఆవు పాలు ఇల్లు గడవడానికి చాలవు, గేదెలు ఆ చోటును ఆక్రమించాయి. సంకర ఆవును కొన్నవాడు లాభం చూసి కొన్నాడు. అతనికి నాటు ఆవు గొప్పతనం మీద ఉపన్యాసం ఇస్తే ఏమొస్తుంది? అతనికి కావలసింది రెండు పూటలా పాలిచ్చి, ఆరుద్ర కార్తె దాటాక పిడుదుల జ్వరంతో కూలబడని ఆవు. సంకర ఆవుల్లోనూ నిలబడేవీ, కూలబడేవీ వున్నాయి. నిలబడినదాని కడుపున పుట్టిన కోడెను కసాయికి అమ్మేసి, సీమ నుంచి వచ్చిన వీర్యం గొట్టాన్ని వెతుక్కోవడం పొరపాటు.

వెనుక ఈ పని ఊరే చేసేది. పెద్దలు పోయినప్పుడు దేవుని పేర అచ్చు వేసి ఆబోతును వదిలేవారు. వదిలేది మందలో మేటి కోడెను, ఊరి పెద్దలు ఎంచి మరీ. అది ఊరి పొలాల్లో మేసి ఊరి ఆవులను కట్టేది. ఒంగోలు జాతి ఈ పద్ధతిలో నిలిచినదే గాని, ఏ ఆఫీసు ఫైల్లోనూ పుట్టలేదు. ఇప్పుడు ఆ ఎంపిక ఊరి చేతిలో లేదు. చేతిలో పెట్టుకున్న వారు దాన్ని ఊరికి కనబడేలా చేయాలి.

చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. చదలవాడ పశుక్షేత్రంలో, గుంటూరు పక్కనున్న లాం ఫారంలో పెరిగే ప్రతి ఆబోతు మీదా వానకాలంలో కనీసం మూడు సార్లు, మందు కొట్టకముందు, పిడుదుల లెక్క తీసి దాని వివరాల పట్టీలో పాలలెక్క పక్కనే రాయాలి. ఆ పట్టీ వీర్యం గొట్టంతోపాటు గోపాలమిత్రల చేతికి చేరాలి. రైతు సేవా కేంద్రాల్లోని పశుసంవర్ధక సహాయకులు మండలానికి ఒక ఊరిని ఎంచుకుని నాటు, సంకర ఆవుల మీద ఇదే లెక్క తీస్తే రెండు వర్షాకాలాల్లో జిల్లాకు సొంత అంకెలు వస్తాయి. ఏ మందుకు పిడుదు రాలుతున్నదో, ఏ మందుకు రాలడం లేదో కూడా అదే పుస్తకంలో తేలుతుంది. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం ఈ పనికి పూనుకోవాలి. రైతులు కూడా కాగితం కోసం కాచుకుని కూర్చోనక్కరలేదు. ఉబ్బిన పిడుదులు ఎక్కువగా తెల్లవారుజామునే రాలతాయి. కాబట్టి పాలు పితికే వేళకు ముందు, దీపం పట్టుకుని, ఆవు ఎడమ పక్కన చెవి మొదలు నుంచి పొదుగు దాకా చూసి, జొన్నగింజను మించిన వాటిని లెక్కపెట్టి చావిడి గుంజ మీద బొగ్గుతో గీతలు గీసుకుంటే చాలు.